చేపల తొట్టిలో పూలకుండీ, దాని వెనక మన చెరువు

టౌన్లో చేపలు పెంచేటోళ్లు గాజు తొట్టిలో మట్టి పూలకుండీని పక్కకు పడుకోబెడతాండారు. అందానికే అనుకుంటాం గానీ, చేపకు చీకటి చాటు కావాల. భయమైతే దూరేది అందులోకే, కొన్ని రకాలు గుడ్లు పెట్టేదీ అందులోనే. జపాన్ జాలర్లు కుండలకు తాళ్లు కట్టి సముద్రంలోకి దించి ఆక్టోపస్‌లను పట్టేదీ ఈ గుణం చూసే.

గాజు తొట్టి నిన్న మొన్నటిది. జనం చూసేదానికి మొదటి చేపలశాల 1853లో లండన్ జూలో తెరిచినారు. మన చెరువులు దానికి దాదాపు ఐదువందల ఏండ్లు పెద్దవి. అనంతపురం, బుక్కరాయసముద్రం చెరువులను 1364లో, బుక్కరాయల కాలంలో, చిక్కప్ప ఒడయరు కట్టించినాడని చెప్తారు. చెరువు మట్టే కుమ్మరికి కుండ, మన చేనికి సత్తువ. నీళ్లు తగ్గినా కొర్రమీను గాలి పీల్చుకుంటా బురదలో తలదాచుకుంటుంది. చెరువు పూర్తిగా ఎండిపోతే అదీ బతకదు.

ఇంట్లో పిల్లోళ్లు చేపలు పెంచుతామంటే రంగు వేయని కుండీ కుమ్మరి దగ్గరే కొనండి. సబ్బు లేకుండా కడిగి, రెండు మూడు దినాలు నీళ్లలో నానబెట్టి తొట్టిలో పెట్టండి. ఊరి చెరువు పూడిక మాత్రం మనమే తీసుకోవాల. చెరువు నిలబడితేనే చేప, కుండ, చేను మూడూ ఉంటాయి.