పాత పికప్ బండికి పక్క కిటికీలు: అద్దం, రేకు, అనుమతి

తుమకూరు జిల్లా పావగడ తాలూకాను దాదాపు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉంది. నిడుగల్లు కొండ పరిసర గ్రామాలవారికి సంత, పెళ్ళి, ఆసుపత్రి ఏ పనికైనా రాష్ట్రపు గీత దాటడం మామూలు విషయం. ఇటువంటి రాకపోకలకు పాత జీపును, పికప్ బండిని బాగుచేయించి వాడుకొనే కుటుంబాలు మొదట కోరుకొనే మార్పులలో పక్క కిటికీ ఒకటి. మహీంద్రా సంస్థ 1940ల చివర మన దేశంలో కూర్చడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుల పక్కలకు గుడ్డ తెరలే ఉండేవి. 1988లో వచ్చిన టాటా మొబైల్ వంటి పికప్‌లలో తలుపులకు అద్దాలున్నా, వెనుక తొట్టిపై తరువాత కట్టించుకొన్న రేకు గూడుకు కిటికీ ఉండదు. ఆ రేకును కోసి అద్దం బిగించడం చూడటానికి చిన్న పని. కాని తప్పు జరిగితే దాని ఫలితం బండిలో కూర్చున్నవారి మెడమీద పడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది అద్దం ఎంపిక. ఇంటి కిటికీకి వాడే సాదా గాజు బండికి ఎంతమాత్రం పనికిరాదు. అది పగిలితే కత్తుల వంటి పొడుగు ముక్కలౌతుంది. చవకగా దొరుకుతుందనీ, ఏ ఊరి దుకాణంలోనైనా అప్పటికప్పుడు కోసి ఇస్తారనీ కొందరు దానినే బిగించుకొంటారు. ఈ పొదుపును మించిన పొరపాటు మరొకటి లేదు. మోటారు బండ్లకు భద్రతా గాజే వాడాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలోని 100వ నియమం చెబుతుంది. అటువంటి గాజులో రెండు రకాలున్నాయి. మొదటిది టఫెన్డ్ గాజు. దీనిని 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. పగిలితే మొద్దు అంచుల చిన్న పలుకులుగా రాలిపోతుంది. రెండవది లామినేటెడ్ గాజు. ఇందులో రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉండడంచేత పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకొని నిలుస్తాయి.

టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయడం గాని, రంధ్రం వేయడం గాని సాధ్యపడదు. ప్రయత్నిస్తే మొత్తం పలుకులైపోతుంది. కనుక కొలత ముందే ఖాయం చేసి కర్మాగారానికి పంపవలసి ఉంటుంది. వంకర ఆకారాలు కావలసినవారికి, కొలత తప్పుతుందేమోనని భయపడేవారికి లామినేటెడ్ గాజు అనుకూలం, దానిని అద్దాల దుకాణంలోనే కోయించుకోవచ్చు. ఏ రకమైనా ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 2553 అనే సంఖ్య గాజు మూలన ముద్రించి ఉన్నాయో లేదో చూడాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం, ముందు వెనుక అద్దాల గుండా 70 శాతం వెలుతురు సాగాలి. నల్ల ఫిల్ము అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నిషేధించింది.

రేకు కోయడానికి ముందే చూసుకోవలసిన మరొక సంగతి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషను పత్రానికీ భేదం వచ్చేలా బండిని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చన్నది. ఉన్న కిటికీలో పగిలిన అద్దం మార్చడం వేరు, మూసి ఉన్న రేకును కొత్తగా తెరవడం వేరు. రెండవదానికి ఆర్.టి.ఓ. కార్యాలయంలో ముందుగా వ్రాతపూర్వకంగా అడగడం క్షేమం. హిందూపురంలో కొన్న ఆంధ్రప్రదేశ్ బండిని కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంచితే నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి. పత్రంలో లేని కిటికీ బయటపడేది సాధారణంగా ఆ తనిఖీలోనే. ‘వింటేజ్’ నమోదు ఆశ కూడా పెట్టుకోనక్కరలేదు. 2021 నియమాల ప్రకారం అది 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడని ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్లకు మాత్రమే.

కిటికీ పెట్టినంత మాత్రాన సరుకు బండి ప్రయాణికుల బండి కాదు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకొన్నవారికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తీర్పు ఇచ్చింది. సరుకు యజమాని, అతని ప్రతినిధి ఇందుకు మినహాయింపు. పెళ్ళివారిని తొట్టిలో ఎక్కించేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు.

ఇక పని క్రమం. మొదట రబ్బరు బీడింగు కొనాలి, ఎందుకంటే రేకులోని కోత కొలత దానిమీద ఆధారపడుతుంది. ఒక గాడి రేకు అంచును, రెండవ గాడి అద్దాన్ని పట్టుకొంటుంది. రెండు గాళ్ళ నడుమ ఉన్న రబ్బరు మందమెంతో చుట్టూ అంత మేర అద్దం కోతకంటె చిన్నదిగా ఉండాలి. తరువాత అట్టముక్కతో నమూనా కోసి రేకుపై పెట్టి, లోపలి ఊచలు, నిలువు కమ్మీలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. కమ్మీని కోయరాదు, గూడు బలమంతా అందులోనే ఉంది. మూలలను గుండ్రంగా తీయాలి. సూటి మూలలో రబ్బరు ముడతపడి నీరు దిగుతుంది, రేకు కూడా అక్కడినుండే చీలుతుంది. వెల్డింగు అవసరమైతే బ్యాటరీ తీగలు ఊడదీసి, పలుచని రేకు వంకరపోకుండా విడివిడి చుక్కలుగా పెట్టించాలి. కోసిన అంచును ఆకురాయితో నునుపుచేసి, అదే రోజు ప్రైమరు, రంగు వేయించాలి.

బిగించే పద్ధతి పాతదే. రబ్బరును అద్దానికి తొడిగి, రేకు పట్టే గాడిలో గట్టి దారం చుట్టూ పెట్టి, సబ్బునీళ్ళు రాసి బయటినుండి కోతకు ఆనించాలి. ఒకరు బయట అరచేతితో నొక్కుతుండగా మరొకరు లోపలినుండి దారం లాగితే రబ్బరు పెదవి రేకుపైకి ఎక్కుతుంది.

పావగడ ఎండ 2,050 మెగావాట్ల సౌర పార్కును నడిపే ఎండ. కదలని అద్దం పెడితే గూడు వేసవిలో పొయ్యి అవుతుంది. ఖర్చు కొంత ఎక్కువైనా రెండు పలకల జరుపుడు కిటికీయే మేలు. దాని అల్యూమినియం గాడి అడుగున బయటివైపుకు చిన్న రంధ్రాలు ఉండాలి, లేకుంటే దుమ్ము, నీరు కలిసి బురదై పలక కదలదు. పని ముగిశాక ఒకరిని లోపల కూర్చోబెట్టి బయటినుండి పది నిమిషాలు నీళ్ళు పోయించాలి. తడి కనిపించిన చోటును సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఆరిన తరువాత అక్కడ సీలెంటు పట్టిస్తే సరిపోతుంది.