రిస్క్ ఆధారిత టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్)

సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం చెడిపోయే అవకాశం ఎంత, చెడితే నష్టం ఎంత అని ముందుగా అంచనా వేసుకుని, దాన్ని బట్టి దేన్ని ముందు పరీక్షించాలో, ఎంత లోతుగా పరీక్షించాలో, దేన్ని పైపైన చూసి వదిలేయవచ్చో తేల్చుకునే పద్ధతి. పరిశ్రమలో దీన్ని 'రిస్క్ బేస్డ్ టెస్టింగ్' అనే అంటారు. బ్యాంకు మొబైల్ యాప్‌నే తీసుకుంటే, డబ్బు పంపుతుండగా నెట్ తెగిపోయి ఖాతాలో సొమ్ము రెండుసార్లు తగ్గడం ఒక రిస్క్. ప్రొఫైల్ ఫొటో వంకరగా కనిపించడం మరొకటి. అవకాశానికి 5కు ఇన్ని, నష్టానికి 5కు ఇన్ని అని మార్కులు వేసి గుణించినప్పుడు మొదటిదానికి 4×5=20, రెండోదానికి 3×1=3 వచ్చాయనుకుందాం. రిలీజ్‌కు రెండు రోజులే మిగిలితే టెస్టర్లను ఎక్కడ కూర్చోబెట్టాలో టెస్ట్ లీడ్‌కు వేరే చెప్పక్కర్లేదు.

పూర్వరంగం

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్ కంటే పాతది. ఏ భాగం ఏ రకంగా చెడిపోగలదు, చెడితే పర్యవసానమేమిటి అని వరసగా రాసుకునే పద్ధతిని అమెరికా సైన్యం 1949 నవంబరు 9 నాటి మిల్-పి-1629 విధానపత్రంలో పెట్టింది. 1962లో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన హెచ్.ఎ. వాట్సన్ మినిట్‌మన్ క్షిపణి వ్యవస్థ కోసం, ప్రమాదం నుంచి వెనక్కి దాని కారణాలను చెట్టులా గీసుకుంటూ పోయే ఫాల్ట్ ట్రీ విశ్లేషణను రూపొందించాడు. ఆ తరువాత విమానాలు, అణు విద్యుత్కేంద్రాలు వీటిని అందిపుచ్చుకున్నాయి.

సాఫ్ట్‌వేర్ వారికి ఈ అవసరం మరో దారిలో తెలిసివచ్చింది. పరీక్షలు లోపాలు ఉన్నాయని చూపగలవే గాని లేవని రుజువు చేయలేవని 1969లో రోమ్‌లో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా తేల్చిచెప్పాడు. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో ప్రచురించిన 'ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్' లెక్క కట్టి మరీ చూపింది: పది ఇరవై వాక్యాల చిన్న ప్రోగ్రామ్‌లో ఒక లూప్ ఇరవైసార్లు తిరిగితే దాని గుండా పోగల దారులు సుమారు 100 లక్షల కోట్లు. అన్నిటినీ పరీక్షించడం అయ్యే పని కాదు కాబట్టి కొన్నిటిని ఎంచుకోక తప్పదు. ఎంపికకు ఆధారమేమిటన్న ప్రశ్న మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

రిస్క్ లెక్కలో సాఫ్ట్‌వేర్‌ను చేర్చకపోతే ఏమవుతుందో థెరాక్-25 ఉదంతం చూపింది. కెనడాలో తయారైన ఈ రేడియేషన్ చికిత్స యంత్రం 1985-87 మధ్య కనీసం ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు. అంతకుముందే 1983లో తయారీదారులు ఫాల్ట్ ట్రీ గీసి భద్రతా విశ్లేషణ చేశారు. అయితే ప్రోగ్రామింగ్ తప్పులు పరీక్షల్లోనే తగ్గిపోయాయని, మిగిలినవేవైనా ఉంటే వాటిని విశ్లేషణలోకి తీసుకోవడం లేదని అందులోనే రాసుకున్నారు. కంప్యూటర్ తప్పుడు రేడియేషన్ శక్తిని ఎంచుకునే అవకాశానికి వారు వేసిన అంకె పదివేల కోట్లలో ఒకటి. ఏ కొలతా లేకుండా పుట్టిన అంకె ఎంత చిన్నదైనా దానికి విలువ లేదు.

అమెరికన్ ఇంజనీరు బారీ బోహ్మ్ 1986లో ప్రతిపాదించి 1988లో విస్తరించిన స్పైరల్ నమూనా, సాఫ్ట్‌వేర్ తయారీలో ప్రతి దశకూ రిస్క్ అంచనానే కేంద్రంగా చేసింది. అవకాశాన్ని నష్టంతో గుణించి 'రిస్క్ ఎక్స్‌పోజర్' రాబట్టే సూత్రం 1991 నాటి ఆయన వ్యాసంతో ప్రాజెక్టు మేనేజర్లందరికీ చేరింది. టెస్టింగ్ వారు ఇప్పటికీ వాడుతున్నది దాన్నే.

1996-2002

ఈ పద్ధతికి పేరూ రూపూ వచ్చింది ఈ ఆరేళ్లలోనే. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి బయలుదేరిన తొలి ఏరియాన్-5 రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. జాక్-లూయీ లియన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం అదే ఏడాది జూలైలో ఇచ్చిన నివేదిక టెస్టింగ్ చదివేవారు తప్పక చూడదగినది. రాకెట్ గమనాన్ని కొలిచే పరికరంలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టకపోవడం సాంకేతిక కారణం. అసలు కథ దాని వెనక ఉంది. అలా పొంగిపోగల విలువలు ఏడున్నాయని ఇంజనీర్లు ముందే గుర్తించారు. కంప్యూటర్‌పై భారం 80 శాతం దాటకూడదన్న నియమం కారణంగా నాలుగింటికే రక్షణ పెట్టి, మిగిలిన మూడూ హద్దు దాటవని వదిలేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మొదట రాసిన పాత ఏరియాన్-4 రాకెట్ గమనం ప్రకారం ఆ అంచనా సరైనదే. ఏరియాన్-5 అడ్డవేగం దానికి ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. కొత్త గమనాన్ని ఆ పరికరానికి ఇచ్చి ఎవరూ పరీక్షించలేదు. ఆ మూడింటికి రక్షణ ఎందుకు పెట్టలేదో చెప్పే మాట సోర్స్ కోడ్‌లో ఎక్కడా కనబడలేదని, పత్రాల రాశిలో అది మరుగున పడిపోయిందని సంఘం రాసింది. రిస్క్ అంచనా వేసినా, అది ఏ షరతుపై నిలబడిందో కళ్లెదుట లేకపోతే ఫలితం ఇదే.

నార్వేకు చెందిన స్టాలె ఆమ్లండ్ 1999లో బార్సిలోనాలో జరిగిన యూరోస్టార్ టెస్టింగ్ సదస్సులో ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టు అనుభవాన్ని వివరించాడు. ఫంక్షన్ కొత్తదా, డిజైన్ నాణ్యత ఎలా ఉంది, పరిమాణమెంత, ఎంత చిక్కుగా ఉంది అన్నవాటి నుంచి తప్పు జరిగే అవకాశాన్ని రాబట్టి, నష్టాన్ని బ్యాంకుకు వేరుగా, సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి వేరుగా లెక్కించాడు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో జేమ్స్ బాక్ రాసిన వ్యాసం అంకెల జోలికి పెద్దగా పోకుండా రెండు దారులు చూపింది: ఉత్పత్తిని ముందు పెట్టుకుని ఇక్కడ ఏం చెడగలదని అడుగుతూ పోవడం ఒకటి, తెలిసిన రిస్కుల జాబితాతో మొదలుపెట్టి అవి ఈ ఉత్పత్తిలో ఎక్కడ తగులుతాయో వెతకడం రెండోది. చిన్న బృందాలకు బాక్ దారే సులువు.

ఇవేవీ చదవకుండానే వేలమంది ప్రోగ్రామర్లు ఈ పద్ధతిలో పనిచేసిన సందర్భం వై2కే, అంటే సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్న ప్రోగ్రామ్‌లు 2000 రాగానే తప్పు లెక్కలు వేస్తాయన్న సమస్య. గడువు కదలదు, కోడ్ కొండంత. అందుకే ఆగితే సంస్థ ఆగిపోయే వ్యవస్థలను ముందు వేరుచేసి, మిగతావాటిని వెనక్కి నెట్టారు. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ వంటి సంస్థలు ఈ పనులతో ఎదిగాయి. ఆ పాత ప్రోగ్రామ్‌ల భాష కోబోల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగువారూ ఎందరో. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల బోర్డులపై కోబోల్ స్థానంలో తరువాత టెస్టింగ్ పరికరాలైన విన్‌రన్నర్, క్యూటీపీ వచ్చాయి. రిస్క్ ఆధారిత టెస్టింగ్‌పై పాల్ జెరార్డ్, నీల్ థాంప్సన్‌ల పుస్తకం, టెస్టర్లకు సర్టిఫికెట్లిచ్చే ఐఎస్‌టీక్యూబీ రెండూ 2002లో వచ్చాయి.

ప్రయోజనాలు

లోపాలు అన్ని ఫైళ్లలో సమానంగా ఉండవు. ఎక్కువ లోపాలు ఉండవచ్చని తమ నమూనా ముందే చెప్పిన 20 శాతం ఫైళ్లలోనే సగటున 83 శాతం లోపాలు దొరికాయని ఆస్ట్రాండ్, వేయుకర్, బెల్ 2005లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. శ్రమను ఎక్కడ పెట్టాలన్నదానికి ఇంతకంటే గట్టి ఆధారం అరుదు. గడువు హఠాత్తుగా ముందుకు జరిగినా ముఖ్యమైన పరీక్షలు అప్పటికే అయిపోయి ఉంటాయి. రిలీజ్ చేయాలా వద్దా అన్న సమావేశంలో "600 టెస్టుల్లో 570 పాసయ్యాయి" అనడం కంటే "రీఫండ్ భాగం ఇంకా చూడలేదు" అనడం క్లయింట్‌కు అర్థమవుతుంది. రిస్కుల చర్చలో డెవలపర్లు, వ్యాపార విభాగంవారు కలిసి కూర్చోవడంతో కొన్ని లోపాలు కోడ్ రాయకముందే డిజైన్‌లో దొరుకుతాయి. అన్నిటికంటే పెద్ద లాభం, పరీక్షించకుండా వదిలినదేమిటో, ఎందుకో, ఎవరి ఒప్పుదలతోనో కాగితం మీదికి రావడం. ప్రతి అంశానికీ రిస్క్ 'హై' అని రాసే బృందాలకు ఇవేవీ దక్కవు.

తరువాతి కాలం

2013లో వచ్చిన ఐఎస్ఓ 29119 ప్రమాణం రిస్క్‌ను టెస్టింగ్‌కు పునాదిగా ప్రకటించింది. అది కాగితాల భారమేనంటూ మరుసటి ఏడాది కొందరు టెస్టర్లు సంతకాల ఉద్యమం నడిపారు. వైద్య పరికరాల తయారీలో వాడే కంప్యూటర్ వ్యవస్థలపై అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన ముసాయిదా, రిస్క్ తక్కువున్న చోట ముందే రాసుకున్న స్క్రిప్టులు లేని టెస్టింగ్ సరిపోతుందని చెప్పింది. 

పరీక్ష పలచగా ఉన్నచోటే దెబ్బ తగులుతుందనడానికి మరో ఉదాహరణ ఉంది. 2024 జూలై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన సెన్సర్ ప్రోగ్రామ్‌కు పంపిన ఒక కంటెంట్ ఫైలు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఫైలు 21 విలువలు ఆశించగా, ప్రోగ్రామ్ అందించింది 20. ముందు జరిపిన పరీక్షల్లో 21వ స్థానంలో ఏ విలువైనా సరే అన్న గుర్తే ఉండటంతో తేడా బయటపడలేదు. సెన్సర్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లకు ఉన్న దశలవారీ విడుదల ఈ ఫైళ్లకు లేదు. వీటికీ దాన్ని వర్తింపజేస్తామని సంస్థ ఆగస్టులో ఇచ్చిన నివేదికలో పేర్కొంది.