పాక్-12లో మిగిలింది రెండే.. కాలేజీ ఫుట్‌బాల్‌ను కదిలించిన టీవీ డబ్బు
అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం చూసే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడి యూనివర్సిటీలు ‘కాన్ఫరెన్స్’ అనే గ్రూపులుగా ఆడతాయి. మ్యాచ్‌ల టీవీ హక్కులను కాన్ఫరెన్స్ అమ్మి, వచ్చిన సొమ్మును సభ్యులకు పంచుతుంది. అసలు కథ ఇక్కడే ఉంది.

పశ్చిమ తీరంలోని పాక్-12ను వదిలి బిగ్ టెన్‌లో చేరతామని యూఎస్‌సీ, యూసీఎల్ఏ 2022 జూన్‌లో ప్రకటించాయి. ఆగస్టులో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో బిగ్ టెన్‌కు ఏడేళ్ల డీల్ కుదిరింది. విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే! పాక్-12కు మాత్రం అలాంటి డీల్ దక్కలేదు. దీంతో 2023లో కొలరాడో, ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, యూటా.. ఒక్కొక్కటిగా జారుకున్నాయి. చివరికి మిగిలింది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే.

విచిత్రం ఏంటంటే, పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫోర్డ్, కాల్ వెళ్లి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. అదీ మొదట్లో తక్కువ వాటాకే ఒప్పుకుని.

మరి భారం ఎవరిపై? ఫుట్‌బాల్ మ్యాచ్ దాదాపు వారానికి ఒక్కటే. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ లాంటి ఆటల్లో మ్యాచ్‌లు ఎక్కువ. డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్ అయితే, క్లాసులు వదిలి దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తిరగాల్సింది ఈ విద్యార్థులే.