మహానుభావుడి ఇంట్లో దుమ్ము

లండన్‌లో థామస్ కార్లైల్ ఇల్లు చూడాలంటే మబ్బు లేని రోజు చూసుకుని వెళ్ళాలి. కొన్ని గదుల్లో ఇప్పటికీ కరెంటు దీపాల్లేవు. కిటికీలోంచి వచ్చే వెలుగే దిక్కు. ఆ వెలుగు కూడా ఎక్కువైతే కష్టం. కర్టెన్ల రంగు వెలిసిపోతుంది, కాగితం పచ్చబడుతుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళకి కిటికీ పరదా ఎంతవరకు దించాలన్నది రోజూ ఉండే పని. చూడ్డానికి వచ్చినవాళ్ళకి కనబడాలి, ఉన్న వస్తువు పాడవకూడదు. ఇలాంటి ఇళ్ళలో సగం పని ఈ రెంటి మధ్య బేరమే.

చెల్సీలో చేనీ రో అనే వీధిలో, 1708లో కట్టిన ఇల్లది. 1834లో కార్లైల్, జేన్ దంపతులు అందులో అద్దెకి దిగారు. ఏడాదికి అద్దె 35 పౌన్లు. జేన్ 1866లో పోయింది. కార్లైల్ 1881లో పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. 1895లో అభిమానులు చందాలు వేసుకుని ఇల్లు కొని మ్యూజియం చేశారు. 1936లో అది నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది.

చరిత్ర అంటే మహాపురుషుల జీవితచరిత్రలేనని గట్టిగా చెప్పినవాడు కార్లైల్. 1840లో వీరారాధన మీద ఉపన్యాసాలిచ్చి, మరుసటి ఏడు పుస్తకంగా వేశాడు. ఆయన ఇంటిని మ్యూజియం చేయడం వెనక ఉన్నదీ అదే నమ్మకం. గొప్పవాడు ఇక్కడ కూర్చున్నాడు, ఇక్కడ రాశాడు, రండి చూడండి అని. తమాషా ఏంటంటే, ఆ ఇంటిని కాస్త శ్రద్ధగా చూస్తే అది ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోదు.

వర్జీనియా వూల్ఫ్‌కి ఇది వెంటనే తట్టింది. 1932లో గొప్పవాళ్ళ ఇళ్ళ గురించి ఓ వ్యాసం రాస్తూ, ఆమె కార్లైల్ బల్ల దగ్గర కాకుండా అడుగున వంటింట్లో ఉన్న నీళ్ళ పంపు దగ్గర ఆగింది. కొళాయి లేని ఇల్లు. వాడే ప్రతి చుక్కా కింద కొట్టి, బిందెలకెత్తి, మెట్లెక్కి పైకి మోయాలి. ఆ మోత ఎవరిదన్నదే ఆమె ప్రశ్న.

ఒక్క పనిమనిషిది. అది కూడా చాలాకాలం ఒక్కతే. జేన్ ఉన్న 32 ఏళ్ళలో 34 మంది పనివాళ్ళు మారారని లెక్క చెప్తారు. పడక వంటింట్లోనే. రాత్రిపూట కార్లైల్ అక్కడికే దిగొచ్చి, పొగ పైకి పోయేలా పొయ్యి దగ్గర కూర్చుని చుట్టపీపా కాల్చేవాడు. ఒక్కోసారి కవి టెన్నిసన్ కూడా తోడు. సాహిత్యచరిత్రలో అదో అందమైన దృశ్యం. కానీ వాళ్ళు లేచేదాకా ఆ పిల్లకి పడుకోవడానికి చోటుండేది కాదు. 1864లో మేరీ అనే పనిమనిషి పింగాణీ సామాన్లు పెట్టుకునే చిన్న గదిలో బిడ్డను కన్నది. ఒక్క తలుపు అవతల కార్లైల్ టీ తాగుతున్నాడు. ఆయనకి తెలియనే లేదు. ఇది మనకి జేన్ ఉత్తరాల వల్ల తెలిసింది.

ఇల్లంతటికీ పైన ఉన్న గదిది ఇంకో కథ. వీధిలో కోళ్ళు, పియానోలు పడక, కార్లైల్ 1853లో డాబా మీద శబ్దం రాని గది కట్టించుకున్నాడు. పక్కింటి రొద తగ్గింది గానీ రైలు కూతలూ నది మీది మోతలూ లోపలికే వచ్చాయి. అయినా తిట్టుకుంటూనే పన్నెండేళ్ళు అందులో కూర్చుని ఫ్రెడరిక్ చరిత్ర ముగించి, కిందికి దిగిపోయాడు. ఆ తర్వాత ఆ గది పనిమనిషి పడకగది అయింది. ఈ రెండింటిలో ఏ కాలంనాటి గదిగా దాన్ని చూపించాలి? మ్యూజియం నడిపేవాళ్ళు ప్రతి గది విషయంలోనూ ఇలాంటి ప్రశ్నకి జవాబు తేల్చుకోవాలి. ముందుగది విషయంలో కొంత నయం. రాబర్ట్ టేట్ 1857లో మొదలుపెట్టి వేసిన బొమ్మ ఉంది కాబట్టి, ఏ కుర్చీ ఎక్కడుండేదో అందులో చూసుకోవచ్చు. వంటింటి బొమ్మ వేయడానికి మాత్రం ఏ చిత్రకారుడూ కిందికి దిగలేదు.

ఇక రోజువారీ పని. నేషనల్ ట్రస్ట్ ఇళ్ళు ఎలా చూసుకోవాలో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటుంది, 1984లో మొదటిసారి వచ్చింది. అది చదివాక దుమ్ము మీద నాకు గౌరవం పెరిగింది. దుమ్ము చాలావరకు చూడ్డానికి వచ్చే మన బట్టల నుంచే రాలుతుంది. అలాగని రోజూ తుడిస్తే తుడుపుకే వస్తువు అరిగిపోతుంది. కాబట్టి మెత్తటి జుట్టు బ్రష్షుతో నెమ్మదిగా దులుపుతూ, ఆ దుమ్ముని వాక్యూమ్ గొట్టం మూతికి వలగుడ్డ కట్టి లాగుతారు. చలికాలంలో హీటరు పెట్టేది మనుషుల కోసం కాదు, గాలిలో తేమ కోసం. తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. మూలల్లో జిగురు అట్టలు పెట్టి, ఏ పురుగు ఎన్ని పడ్డాయో లెక్క రాసుకుంటారు. నేను సాఫ్ట్‌వేర్‌లో కొన్నాళ్ళు సపోర్ట్ పని చేశాను. పని బాగా చేస్తే చేసినట్టే ఎవరికీ తెలియకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

1960ల మొదట్లో ఆ ఇంటి బాధ్యత చూసిన క్యురేటర్ భార్య థియా హోమ్, నటి. అక్కడే కాపురం ఉంటూ ఆమె 1965లో కార్లైల్ దంపతుల ఇంటి జీవితం మీద పుస్తకం రాసింది. అందులో గోడ రంగులు, నల్లులు, పనివాళ్ళ గొడవలు, ఇంటి ఖర్చులు. ఆ మెట్లు రోజూ ఎక్కి దిగే మనిషి రాయగలిగే చరిత్ర అది.

కార్లైల్ పోయిన 1881లోనే, డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు వెలివేసింది, వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి వంట చేసింది. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఈసారి వెళ్ళినప్పుడు ఫోటోలకన్నా ముందు నీళ్ళు ఎక్కడ పెట్టేవారో అడగాలనుంది. పొద్దున్నే ఆ గదులు ఊడ్చే మనిషినే అడగాలి.