కోడెక్ దొరకని కాలం

వీడియో ఫైలు పేరు చివర కనిపించే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ లాంటివి పైనున్న పెట్టె పేరునే చెబుతాయి. లోపల బొమ్మనూ శబ్దాన్నీ కుదించిన పద్ధతి కోడెక్. ఒకే రకం పెట్టెలో వేర్వేరు కోడెక్‌లు ఇమిడిపోతాయి. అందుకే రెండు ఏవీఐ ఫైళ్లలో ఒకటి చక్కగా ప్లే అయ్యేది, రెండోదానికి మాటలు వినిపించినా తెర నల్లగానే ఉండేది. ఫైలు పాడైందనుకుని డిలీట్ చేసినవాళ్లు ఎందరో. చాలాసార్లు ఫైలు బాగానే ఉండేది, దాన్ని విప్పే కోడెకే ఆ కంప్యూటర్లో లేదు.

వీడియో కుదింపుకు ప్రమాణాలు తయారుచేయడానికి 1988లో ఎంపెగ్ బృందం ఏర్పడింది. దాని తొలి ప్రమాణమైన ఎంపెగ్-1 మీద 1993లో వీసీడీ వచ్చింది. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాలే పట్టేది కనుక రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు కూడా చాలేవి కావు. డిస్కును కంప్యూటర్లో తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డీఏటీ అన్న అక్షరాలతో ముగిసే పెద్ద ఫైలు ఉండేవి. లోపలున్నది ఎంపెగ్-1 వీడియోనే అయినా ఆ పేరు చూసి కొన్ని ప్లేయర్లు తెరిచేవి కావు.

ఏవీఐని మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చింది. ఆ ఫైలును అక్షరాల రూపంలో తెరిస్తే ఆరంభంలో రిఫ్ అనీ, కాస్త కిందికి విడ్స్ అనీ, దాన్ని ఆనుకునే కోడెక్‌ను తెలిపే నాలుగక్షరాల గుర్తూ కనిపిస్తాయి. ప్లేయరు ఆ గుర్తు చదివి, దానికి తగిన కోడెక్ కోసం విండోస్‌లో వెతికేది. లేకపోతే అక్కడితో సరి.

1990ల చివర ఈ చిక్కు ముదిరింది. మైక్రోసాఫ్ట్ తన ఎంపెగ్-4 కోడెక్‌ను సొంత ఏఎస్ఎఫ్ పెట్టెకే కట్టేసింది. ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ రోటా ఆ కట్టు విప్పి, దాన్ని ఏవీఐలో వాడేలా మార్చాడు. అదే డివ్‌ఎక్స్. సినిమా మొత్తం ఒక్క 700 ఎంబీ సీడీలో పట్టేసింది. 2001లో దానికి పోటీగా ఎక్స్‌విడ్ పుట్టింది. డజన్ల కొద్దీ కోడెక్‌లను కలిపి ఇచ్చే కోడెక్ ప్యాక్‌లు ఊరూరికీ పాకాయి. అవి ఒకదానితో ఒకటి తగువు పడి, అంతకుముందు ప్లే అయిన ఫైళ్లను కూడా ఆపేసేవి. కోడెక్ పేరుతో వైరస్‌లూ చొరబడేవి.

ఈ బాధ తీర్చింది పెద్ద కంపెనీలు కావు, విద్యార్థులు. పారిస్ శివార్లలోని ఎకోల్ సెంట్రాల్ క్యాంపస్‌లో నెట్‌వర్క్ బాగా నెమ్మదిగా ఉండేది. కొత్తది కావాలంటే అంత వేగం ఎందుకో చూపించాలి. ఉపగ్రహ టీవీని క్యాంపస్ కంప్యూటర్లకు పంపే పనిని 1996లో అలా మొదలుపెట్టారు. ఆ ప్రాజెక్టులోని ప్లేయరే వీఎల్‌సీ. 2001 ఫిబ్రవరిలో దాని కోడ్‌ను జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. విప్పే కోడెక్‌లన్నీ తన కడుపులోనే పెట్టుకోవడం దాని గొప్పతనం. వాటిలో చాలా భాగం, 2000లో ఫాబ్రిస్ బెల్లార్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ నుంచి వచ్చింది. నెట్‌వర్క్‌లో ముక్కలుగా వచ్చే వీడియో కోసం పుట్టింది కనుక సగం డౌన్‌లోడైన ఫైలును కూడా చాలాసార్లు ఆడించగలదు.

వెబ్‌లో అదే గొడవ మరో రూపంలో తలెత్తింది. 2005లో వచ్చిన యూట్యూబ్ ఫ్లాష్ అనే ప్లగిన్ మీద నడిచింది; ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటు దక్కలేదు. హెచ్‌టీఎంఎల్5 వీడియో దానికి బదులుగా వచ్చింది కానీ, ఏ కోడెక్ అన్నది తేలలేదు. 2003 నాటి హెచ్.264 నాణ్యమైనదే, అయితే పేటెంట్ల రుసుము కట్టాలి. ఆ షరతుకు ఒప్పుకోనని మొజిల్లా మొదట పట్టుబట్టింది. గూగుల్ 2010 మేలో వీపీ8 కోడెక్‌ను వెబ్‌ఎమ్ అనే పెట్టెతో కలిపి ఉచితం చేసింది. 2013 అక్టోబరులో సిస్కో తన హెచ్.264 కోడెక్‌ను ఉచితంగా పంచి, రుసుము తానే కడతానని ప్రకటించడంతో ఆ పోరు చల్లబడింది. 2015లో పలు కంపెనీలు జట్టుకట్టి, రుసుము అక్కర్లేని ఏవీ1ను 2018లో విడుదల చేశాయి. ఇది బరువైన కోడెక్. విప్పే పనికి ప్రత్యేక చిప్ లేని పాత ఫోన్లలో బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. అందుకే వీడియో సైట్లు నేటికీ అదే వీడియోను హెచ్.264లో కూడా ఉంచుతున్నాయి.