లా గ్రాంద్ ఇల్యూజియోన్ (మహాభ్రాంతి)
ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ 1937లో రూపొందించిన చలనచిత్రము. యుద్ధమును గూర్చినదయ్యును రణరంగము నొక్కమారైన చూపక, ప్రథమ ప్రపంచసంగ్రామమున జర్మనులకు చిక్కిన ఫ్రెంచి సైనికుల బందీజీవితము మూలమున జాతుల నడుమ మైత్రిని ప్రబోధించిన చిత్రములలో ఇది అగ్రగణ్యము. రెన్వార్ స్వయముగా ఆ సంగ్రామమున పోరాడి కాలికి గాయపడినవాడు. జర్మను దుర్గాధిపతి రౌఫెన్‌స్టైన్, బందీయైన ఫ్రెంచి కులీనుడు బోల్దియో శత్రువులయ్యు నొకే సంస్కారము గలవారగుటచే, దేశముల సరిహద్దులకంటె వర్గభేదములే బలవత్తరములని ఇందు స్ఫురించును. పాత్రలు ఎవరి భాషను వారే మాటలాడుట ఆనాటికి అరుదైన సాహసము.

చెర నుండి తప్పించుకొనిన మరేషాల్, యూదుడగు రోజెంతాల్ అనువారలకు ఎల్సా యను జర్మను రైతు స్త్రీ ఆశ్రయమిచ్చును. ఆమె ఛాయాచిత్రములను చూపుచు, తన భర్త వెర్డన్‌లోను, సోదరులు లియేజ్, షార్లర్వా, టానెన్‌బర్గ్‌లలోను మడిసిరనియు, అవి తమవారి ఘనవిజయములనియు, ఇప్పుడు భోజనపు బల్ల తమకు మిక్కిలి పెద్దదైనదనియు చెప్పును. శాంతిని గూర్చిన ఉపన్యాసములు పెక్కు ఈ యొక్క మాటకు సాటిరావు.

1937 వెనిస్ చిత్రోత్సవమున బహుమానము పొందిన ఈ చిత్రమును జర్మనీ, ఇటలీ ప్రభుత్వములు నిషేధించినవి. ఉత్తమ చిత్రమునకై ఆస్కార్ పురస్కారపు పరిశీలనకు వచ్చిన తొలి విదేశభాషాచిత్ర మిదియే. విడుదలయై మూడేండ్లు నిండకమున్నే ద్వితీయ సంగ్రామము చెలరేగెను. ఫ్రాన్సు నాక్రమించిన నాజీలు కైవసము చేసికొనిన మూల నెగటివు బెర్లిను చేరి, అటనుండి మాస్కోకు పోయి, తుదకు ఫ్రాన్సులోని తులూజ్ చిత్రభాండాగారమునకు తిరిగివచ్చెను.