చిప్పు కొంటే చిప్ప మిగలకూడదు: చవక ప్రాసెసర్ల చరిత్ర

"గేములాడుకోడానికి తక్కువలో మంచి ప్రాసెసరు ఏది?" - ఇది పాతికేళ్ళ పైబడి జనం అడుగుతున్న ప్రశ్నే. ప్రశ్న మారలేదు గానీ జవాబు మాత్రం ఏడాదికోసారి మారిపోతుంటుంది. జవాబు చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు కాబట్టి నేను ఐదోవాణ్ణి కాదలుచుకోలేదు (చివర్లో కాస్త చెప్తాననుకోండి). నాకు ఆసక్తి ఉన్న విషయం వేరే. కొన్నేళ్ళు చవక చిప్పులు అదరగొట్టేస్తాయి, మరి కొన్నేళ్ళు ఏడిపించేస్తాయి. ఎందుకని? చిప్పు చేసే విద్య ఏటేటా మెరుగవుతూనే ఉన్నప్పుడు చవక చిప్పు కూడా ఏటేటా మెరుగవ్వాలి కదా! అలా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలిస్తే ఏది కొనాలో కూడా సగం తెలిసిపోతుంది.

ముందుగా ఒక సంగతి. చవక చిప్పు అంటే నాసిరకం సరుకు అని మనకో అభిప్రాయం. చాలాసార్లు అది నిజం కాదు. మామిడితోటలో కాయలు కోసి గ్రేడింగు చేసినట్టే, ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్పుల్ని పరీక్షించి, బాగా పరిగెత్తేవి ఒక బుట్టలో, కాస్త మచ్చ ఉన్నవి ఇంకో బుట్టలో వేస్తారు. మచ్చ ఉన్న భాగాన్ని పనిచెయ్యకుండా చేసి తక్కువ పేరుతో అమ్ముతారు. ఇంతవరకూ న్యాయమే. కానీ ఓ ఏడాది కాపు బ్రహ్మాండంగా ఉండి అన్నీ మంచికాయలే వచ్చాయనుకోండి. రెండో రకం అడిగేవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు. అప్పుడేం చేస్తారు? మంచికాయలనే రెండో బుట్టలో వేస్తారు. చిప్పుల వాళ్ళయితే వెయ్యబోయే ముందు ఓ చెయ్యి విరగ్గొట్టి మరీ వేస్తారు!

ఇది నా వెటకారం కాదు. 1991లో ఇంటెల్ 486ఎస్ఎక్స్ అనే చిప్పు విడుదల చేసింది. మొదట్లో వచ్చినవి అచ్చంగా 486డీఎక్సే, కాకపోతే దశాంశ లెక్కలు చేసే భాగాన్ని (ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్) ఆపేశారు. తర్వాత లెక్కలు కావలసినవాళ్ళ కోసం 487 అని ఇంకో చిప్పు అమ్మారు. అది పక్కన కూర్చుని లెక్కలు మాత్రం చేసిపెట్టే గుమాస్తా అనుకుంటాం కదా. కాదు, అది పూర్తిస్థాయి 486డీఎక్సే. దాన్ని పెట్టగానే పాత చిప్పుని నిద్రపుచ్చి మొత్తం పని తనే చేసుకునేది. అంటే కొన్నవాడు ఒకే చిప్పుకి రెండుసార్లు డబ్బులు కట్టాడన్నమాట.

అప్పట్లో ఆ భాగం లేకపోయినా ఆటలకి పెద్ద నష్టం లేదు. ఆటలు దాదాపు అన్నీ పూర్ణాంకాలతోనే నడిచేవి. 1996 జూన్‌లో క్వేక్ వచ్చి ఆ లెక్క తలకిందులు చేసింది. త్రీడీ బొమ్మ సరిగ్గా కనపడాలంటే భాగహారాలు చెయ్యాలి. ఆ భాగహారం నడుస్తుండగానే పెంటియం మిగతా పనులు చేసుకోగలదు. ఈ కిటుకు చూసుకుని మైకేల్ అబ్రాష్, జాన్ కార్మాక్ కోడుని పెంటియం కొలతలకి కుట్టారు. అంతవరకూ చవకలో రాజాలా వెలిగిన సైరిక్స్ 6x86 అక్కడ బోర్లా పడింది. సైరిక్స్ వాళ్ళు తమ 133 మెగాహెర్ట్జ్ చిప్పుకి "166+" అని పేరు పెట్టుకునేవాళ్ళు, అంటే పెంటియం 166కి సమానమని. ఆఫీసు పనుల్లో ఆ మాట నిజమే. క్వేక్‌లో మాత్రం దాని దశాంశాల విభాగం నీరసం బయటపడిపోయింది. 1997లో కంపెనీ నేషనల్ సెమీకండక్టర్ చేతికి, 1999లో వయా చేతికి వెళ్ళిపోయింది. ఒక్క ఆట కంపెనీని ముంచేసిందనను గానీ, ఆటలాడేవాళ్ళ దగ్గర దాని పరువు తీసింది మాత్రం ఆ ఒక్క ఆటే. మొదటి పాఠం ఇదీ: చిప్పు మంచిదా కాదా అన్నది చిప్పులో ఉండదు, నువ్వాడే ఆటలో ఉంటుంది.

ఇక అసలు హీరో దగ్గరికొద్దాం. 1998 నాటికి అమెరికాలో వెయ్యి డాలర్ల లోపు కంప్యూటర్లు జోరందుకున్నాయి. ఆ సంతలో ఏఎండీ కే6 దూసుకుపోతోంది. (అన్నట్టు, ఇంటెల్‌లో పెంటియం తయారీని నడిపించిన మన వినోద్ ధామ్ తర్వాత నెక్స్‌జెన్‌కి వెళ్ళి, దాన్ని ఏఎండీ కొనేశాక ఈ కే6 పనిలోనూ ఉన్నాడు.) కంగారుపడిన ఇంటెల్ 1998 ఏప్రిల్‌లో సెలెరాన్ దింపింది. ఎలా? పెంటియం-2 లోంచి రెండో స్థాయి క్యాష్ మొత్తం పీకేసి! జనం నవ్విపోయారు. నాలుగు నెలలు దాటగానే, ఆగస్టులో, తప్పు దిద్దుకుంటూ సెలెరాన్ 300ఏ తెచ్చింది. ఇందులో 128 కేబీ క్యాష్ ఉంది. పెంటియం-2లో ఉన్నది 512 కేబీ, కానీ అది చిప్పు బయట కూర్చుని సగం వేగంతో పనిచేసేది. సెలెరాన్‌ది చిప్పులోనే ఉండి పూర్తి వేగంతో పనిచేసేది.

ఆ పైన ఇంకో విశేషం. దాని గుణకం 4.5 దగ్గర బిగించేశారు గానీ బస్ వేగానికి తాళం వెయ్యలేదు. 66 మెగాహెర్ట్జ్ బస్‌ని 100 చేస్తే 300 కాస్తా 450 అయిపోయేది. చాలా చిప్పులు కిక్కురుమనకుండా ఆ వేగంతో నడిచాయి. ఆబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో అయితే మూత తియ్యకుండా బయాస్ లోంచే ఈ పని అయిపోయేది. 150 డాలర్ల లోపు చిప్పు (అప్పటి మారకంలో 6 వేల పైచిలుకు రూపాయలు), అప్పట్లో 600 డాలర్ల పైన పలికిన పెంటియం-2 450తో ఆటల్లో భుజం భుజం కలిపి నడిచింది. ఇంటెల్ దయతలచి ఇచ్చింది కాదిది. ఏఎండీ భయంతో ఇవ్వాల్సివచ్చింది.

తర్వాత ఏఎండీ వంతు. 2000 జూన్‌లో డ్యూరాన్ వచ్చింది. చిప్పు పైన ఉన్న చిన్న చిన్న వంతెనల్ని మామూలు పెన్సిలుతో గీసి కలిపితే గుణకం తాళం ఊడొచ్చేది. గ్రాఫైటు కరెంటుని పోనిస్తుంది కదా, అదే మంత్రం! 2003లో ఆథ్లాన్ ఎక్స్‌పీ 2500+ కొన్నవాళ్ళు బస్‌ని 166 నుంచి 200కి మార్చి, 1.83 గిగాహెర్ట్జ్‌ని 2.2 చేసి, 3200+ లా వాడుకున్నారు. 2009లో ఫినామ్-2 ఎక్స్2 550 కొన్నవాళ్ళలో అదృష్టవంతులకి ఆపేసిన రెండు కోర్లూ మేల్కొని మొత్తం నాలుగయ్యాయి. అదే ఏడాది ఆథ్లాన్-2 ఎక్స్4 620తో నాలుగు కోర్ల చిప్పు 100 డాలర్ల లోపుకి దిగింది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోకండి. 1997లో భారత్ ఐటీ సరుకుల సుంకాల ఒప్పందంలో చేరి, 2005 నాటికి వీటి మీద కస్టమ్స్ సుంకం సున్నాకి తెచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు లాంటి చోట్ల చిప్పూ బోర్డూ విడివిడిగా కొనుక్కుని "అసెంబుల్డ్" సిస్టమ్ కట్టించుకోవడం మధ్యతరగతి వాడికి కుదిరిందంటే అందులో ఆ సుంకం తగ్గింపుకీ వాటా ఉంది. మా తరం కౌంటర్ స్ట్రైకూ, వైస్ సిటీ ఆడింది ఎక్కువగా ఇలాంటి మిషన్ల మీదే.

సరే, ఇక చీకటి అధ్యాయం. 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తెచ్చింది. అన్ని గడియారాల్నీ ఒకే తాడుకి కట్టేసింది, బస్ వేగం నాలుగైదు శాతం కదిపినా సిస్టమ్ కూలబడేది. వేగం పెంచుకోవాలంటే ఖరీదైన "కె" రకం కొనాల్సిందే. అదే ఏడాది అక్టోబరులో ఏఎండీ వదిలిన బుల్డోజర్ తుస్సుమంది. ఇక అడిగేవాడెవడు? 2011 నాటి ఐ7-2600కెకి నాలుగు కోర్లు, 2017 జనవరి నాటి ఐ7-7700కెకి కూడా నాలుగే. ఐ3 అయితే ఆరేళ్ళూ రెండు కోర్ల దగ్గరే నిలబడిపోయింది. 2014లో పెంటియం ఇరవయ్యో పుట్టినరోజని తాళం తీసిన జీ3258ని 72 డాలర్లకి ఇచ్చారు. 300ఏ మళ్ళీ పుట్టిందని జనం సంబరపడ్డారు. ఆ నవంబరులో ఫార్ క్రై 4 వచ్చింది. రెండే థ్రెడ్లున్న చిప్పు మీద ఆ ఆట నిదానంగా నడవడం కాదు, అసలు మొదలే కాలేదు! సైరిక్స్‌కి క్వేక్ నేర్పిన పాఠమే మళ్ళీ.

2017 మార్చిలో రైజెన్ వచ్చింది. ఎనిమిది కోర్లకి ఇంటెల్ వెయ్యి డాలర్ల పైన తీసుకుంటుంటే ఏఎండీ 500 లోపుకి ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఐ3కి నాలుగు కోర్లు, ఐ5కి ఆరు కోర్లు వచ్చేశాయి. ఆరేళ్ళు కదలని బండి ఏడు నెలల్లో కదిలింది. మరి ఆ ఆరేళ్ళూ ఇంజనీర్లకి చేతకాకపోయిందా? ఎందుకు కాదూ, చేతనవును. అవసరం పడలేదంతే.

"అయితే ఏఎండీ దేవుడన్నమాట" అనేస్తారేమో, ఆగండి. ఇంటెల్ వెనకబడ్డ 2020లో అదే ఏఎండీ ఏం చేసింది? 2019లో ఆరు కోర్ల రైజెన్ 5 3600ని 199 డాలర్లకి ఇచ్చిన కంపెనీ, 2020 నవంబరులో 5600ఎక్స్‌ని 299కి పెట్టింది. అంతకంటే తక్కువలో ఆ తరం మామూలు (లోపల గ్రాఫిక్స్ లేని) చిప్పు దాదాపు ఏడాదిన్నర పాటు ఇవ్వలేదు. 2022 జనవరిలో ఇంటెల్ 100 డాలర్ల లోపు ఐ3-12100ఎఫ్, 170 డాలర్లకి అటూఇటూగా ఐ5-12400ఎఫ్ దించగానే ఏప్రిల్ కల్లా ఏఎండీ గోడౌన్ లోంచి 5600, 5500 పరిగెత్తుకుంటూ వచ్చాయి. చూశారా, పేర్లు మారాయి గానీ కథ అదే!

మొన్నామధ్య మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ రెండో ఏడు. "అన్నయ్యా, ఓ షాపులో ఐ7 గేమింగ్ పీసీ పద్దెనిమిది వేలకి ఇస్తానంటున్నారు, తీసుకోనా?" అని. ఏ తరం ఐ7 అనడిగితే వాడికి తెలీదు. బిల్లు మీదా రాయరట. ఫొటో తెప్పించి చూస్తే ఐ7-3770, అంటే 2012 నాటిది. ఆఫీసులు వదిలించుకున్న డబ్బాకి రంగురంగుల లైట్లు తగిలించారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కి ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అర్హత. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరులో ఆగిపోయింది. పేరులో "7" ఉంది కదా అని వాడు మురిసిపోతున్న ఆ చిప్పు, "3" ఉన్న 12100ఎఫ్ ముందు ఆటల్లో నిలబడలేదు. వద్దని చెప్పాను. పద్దెనిమిది వేలంటే మా బాబాయికి చిన్న మొత్తం కాదు.

చరిత్ర ఇంత చదివాక నా మటుకు నాకు తేలిన లెక్కలివీ:

ఒకటి, పేరు చూసి కాదు, కోసేసిన భాగం చూసి కొనాలి. ప్రతి చవక చిప్పులోనూ ఏదో ఒకటి కోస్తారు. ఆ కోసిన భాగం మీ ఆటకి అక్కర్లేనిదైతే మీకు లాభం, కావలసిందైతే చిప్ప చేతికొచ్చినట్టే. ఇవాళ్టి ఆటలకి నాలుగు కోర్లు - ఎనిమిది థ్రెడ్లకి తగ్గకూడదు, ఆరు కోర్లయితే నిశ్చింత. "ఎఫ్" అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. కార్డు కొనే స్థోమత ఇప్పట్లో లేకపోతే 2018లో 99 డాలర్లకి వచ్చిన రైజెన్ 3 2200జీ వేసిన దారిలో "జీ" రకాలు చూసుకోవాలి.

రెండు, చిప్పు ధర ఒక్కటే ధర కాదు, బోర్డుని కూడా కలిపి చూడాలి. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్ళలో చాలామంది బయాస్ మార్చుకుని ఐదేళ్ళ తర్వాత అదే బోర్డులో 5600 పెట్టుకోగలిగారు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి పోతే ఆటకి ఎక్కువ మేలు.

మూడు, 300ఏ మళ్ళీ వస్తుందని ఎదురుచూడకండి. అప్పట్లో చిప్పులో మిగిలిపోయిన బలాన్ని మనం పిండుకునేవాళ్ళం. ఇప్పుడు బూస్ట్ అని పేరు పెట్టి కంపెనీయే ముందుగా పిండేసి, డబ్బాలో పెట్టి అమ్ముతోంది.

ఇక చివరి మాట. హీరోల అభిమాన సంఘాల్లాగా ఇంటెల్ వాళ్ళూ ఏఎండీ వాళ్ళూ కొట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది. రెండింటికీ హైదరాబాదులో ఆఫీసులున్నాయి, రెండింట్లోనూ మనవాళ్ళున్నారు, వాళ్ళు మాత్రం కొట్టుకోరు. ఇప్పుడు ఇంటెల్ తడబడుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు 2011 నుంచి 2017 దాకా ఏమైందో ఓసారి తలుచుకోవాలి. చవక చిప్పు బాగుండాలంటే రెండు కొట్లూ తెరిచే ఉండాలి, ఒకరంటే ఒకరికి భయం ఉండాలి. ఆ భయం ఖరీదే మనకి మిగిలే రూపాయలు.